ప్రోటోటైప్ అంటున్న బొమ్మ లోపల ఏ పాత బొమ్మ ఉందో ఎలా పట్టుకోవాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. మొదటిది, న్యూజెర్సీలో మీ తమ్ముడు పాత సామాన్ల సంతలో కొన్న తెల్లరంగు బొమ్మ. నాలుగంగుళాలకు కాస్త తక్కువ ఎత్తు, తలమీద పుట్టీతో చేసిన హెల్మెట్, అరికాలి కింద ఏవో అక్షరాలు గీకేసిన జాడ. అమ్మినాయన అది కెన్నర్ అనే అమెరికా బొమ్మల కంపెనీ స్టార్ వార్స్ సినిమా బొమ్మలకు మొట్టమొదట చేసుకున్న నమూనా, అంటే ప్రోటోటైప్ అన్నాడు. రెండోది, మీ మేనమామ అమెరికా నుంచి తెచ్చిన బ్యాటిల్ క్యాట్, అంటే కండల వీరుడు హీ-మ్యాన్ ఎక్కి తిరిగే పులి బొమ్మ. హీ-మ్యాన్ పక్కన ఆ పులి అంత పెద్దగా ఎందుకుంది, అది వేరే బొమ్మ నుంచి వచ్చిందంటున్నారు నిజమేనా అని. నేను చాలా ఏళ్లుగా ప్లాస్టిక్ అచ్చుల పనిలో ఉన్నాను, ఈ కాలం నాటి బొమ్మలు సేకరిస్తాను కూడా. కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో సగం తెలిసినవాళ్లే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ముందు ఒకటి తేల్చుకోవాలి. "పాత బొమ్మను వాడారు" అనే మాట కింద మూడు వేరువేరు పనులున్నాయి. కంపెనీలో డిజైనర్ బజారులో దొరికే బొమ్మ ఒకటి తెచ్చి, దానిమీద పుట్టీ, మట్టి, ప్లాస్టిక్ షీటు ముక్కలు అతికించి, రంగు వేసి, పైవాళ్లకు చూపించడానికి ఒక నమూనా చేస్తాడు. దీన్ని కిట్‌బాష్ అంటాం. అలాంటిది ఒక్కటో రెండో ఉంటాయి. రెండో రకంలో కంపెనీ తన దగ్గరే ఉన్న పాత ఉక్కు అచ్చును మళ్లీ మిషన్‌కి ఎక్కించి, రంగు మార్చి, లక్షల్లో కొత్త బొమ్మగా అమ్ముతుంది. మూడోది, ఒక దేశంలో అమ్ముడైన బొమ్మనే మొత్తంగా తీసుకుని కొత్త పేరుతో, కొత్త పెట్టెలో ఇంకో దేశంలో అమ్మడం. మీ తమ్ముడి బొమ్మ మొదటి రకమని అమ్మినాయన వాదన. మీ పులి రెండో రకం. ఒకదానికి పనికొచ్చే పరీక్ష ఇంకోదానికి పనికిరాదు.

కెన్నర్ సంగతి. ఒహాయోలోని సిన్సినాటి వాళ్ల ఊరు. అప్పట్లో జనరల్ మిల్స్ అనే ఆహార పదార్థాల కంపెనీ కింద ఉండేది. 1977 మే నెలలో సినిమా విడుదలకు ముందే, స్క్రిప్టు, కొన్ని ఫొటోలు పెట్టుకుని బొమ్మల పని మొదలుపెట్టారు. అప్పటిదాకా యాక్షన్ ఫిగర్, అంటే కాళ్లూ చేతులూ తిప్పగలిగే వీరుడి బొమ్మ, అంటే ఎనిమిదంగుళాలో పన్నెండంగుళాలో. ఆ సైజులో మనిషిని చేస్తే అతను కూర్చునే అంతరిక్ష నౌక పిల్లల గదిలో పట్టదు. అందుకే మూడుముప్పావు అంగుళాల సైజుకు దిగారు. ఆ సైజులో మనుషులూ వాహనాలూ కలిసి అప్పటికే బజారులో ఉన్నవి ఫిషర్-ప్రైస్ వాళ్ల అడ్వెంచర్ పీపుల్. కెన్నర్ డిజైనర్ జిమ్ స్వేరింజెన్ ఆ అడ్వెంచర్ పీపుల్ బొమ్మలనే తీసుకుని తొలి నమూనాలు కట్టాడు. కాబట్టి అమ్మినాయన చెప్పిన కథకు చరిత్రలో ఆధారం ఉంది. చిక్కంతా అక్కడే. అబద్ధపు బొమ్మలన్నీ నిజమైన కథమీదే నిలబడతాయి.

ఇక పట్టుకోవడం. బొమ్మ చేసినవాడు ఎక్కడ పనిచేశాడో అక్కడ చూడకండి, ఎక్కడ చెయ్యి పెట్టలేదో అక్కడ చూడండి. ముఖం, తల, దుస్తులు, బెల్టు, బూట్లు అన్నీ మార్చేస్తాడు, ఎందుకంటే పాత్ర కనిపించేది అక్కడే. అరచేతి లోపలి భాగం, చంకలు, మోకాలి వెనక, భుజం కీలు మొండెంలో కూర్చునే గుంట, తుంటి దగ్గర కాలు తిరిగే కోత, వీటిని ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే కీలు బిగుసుకుపోతుంది, లేదా రెండుసార్లు తిప్పగానే పుట్టీ ఊడొస్తుంది. పాత బొమ్మ తన అసలు రూపంతో మిగిలేది ఈ సందుల్లోనే. ముఖ్యంగా చేతివేళ్లు. ఒక్కో కంపెనీ శిల్పి వస్తువు పట్టుకునేలా వేళ్లు మలిచే తీరు వేరు. బొటనవేలు ఎంత దూరంగా ఉంది, మిగతా నాలుగు వేళ్లు విడిగా ఉన్నాయా ముద్దగా ఉన్నాయా, మణికట్టు ఎటు వంగింది అని చూస్తే చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. ఇందుకే 1964 నాటి హాస్‌బ్రో కంపెనీ సైనికుడి బొమ్మ జి.ఐ.జోను నకళ్ల నుంచి వేరు చేయడానికి కుడిచేతి బొటనవేలే చూస్తారు. దాని గోరు తప్పు వైపున, వేలి లోపలి పక్క ఉంటుంది.

కీళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి తేల్చేద్దామనుకుంటారు కొందరు. ఇక్కడ అది కుదరదు. మెడ, రెండు భుజాలు, రెండు తుంట్లు, ఈ ఐదుచోట్లే తిరగడం అడ్వెంచర్ పీపుల్‌కీ ఉంది, తర్వాత వచ్చిన కెన్నర్ బొమ్మలకీ ఉంది. లెక్క ఒకటే కాబట్టి కీలు ఆకారం చూడాలి, కీలుకీ కీలుకీ మధ్య దూరం చూడాలి.

ఈ దూరం సంగతి మీరు బాగా పట్టుకోవాలి. మట్టి పెట్టినా పుట్టీ పెట్టినా ఒళ్లు లావవుతుంది, ఎత్తు కూడా కాస్త పెరగొచ్చు. కానీ భుజం కీలు నుంచి తుంటి కీలు దాకా ఉన్న దూరం మారదు. రెండు భుజాల ఇరుసుల మధ్య దూరం మారదు. బొమ్మను కోసి మధ్యలో ముక్క అతికిస్తే తప్ప ఆ కొలత అసలు బొమ్మదే. చేతిలో బొమ్మ ఉంటే వెర్నియర్ కాలిపర్‌తో, అంటే మిల్లీమీటరులో పదో వంతు దాకా చూపించే కొలత పరికరంతో, కొలవండి. భుజం కీలు మధ్య నుంచి తుంటి కీలు మధ్యకు, తుంటి కీలు నుంచి అరికాలికి, రెండు తుంటి కీళ్ల మధ్య. ఇంతే కొలతలు అనుమానం ఉన్న పాత బొమ్మ మీద కూడా తీయండి. కీళ్ల మధ్య కొలతలు మిల్లీమీటరులో పదో వంతు తేడాతో కలిస్తే లోపలున్నది అదే బొమ్మ అని నమ్మొచ్చు. ఒక మిల్లీమీటరు తేడా వస్తే కాదు. అరికాలి దగ్గర మాత్రం పుట్టీ ఉండొచ్చు కాబట్టి ఆ ఒక్క కొలతను అంత గట్టిగా పట్టుకోకండి.

ఫొటో మాత్రమే ఉంటే నేరుగా కొలవలేం, నిష్పత్తులు చూడాలి. భుజం నుంచి తుంటికి ఉన్న దూరాన్ని తుంటి నుంచి కాలికి ఉన్న దూరంతో భాగించండి. అనుమానం ఉన్న పాత బొమ్మను అదే కోణంలో, అదే ఎత్తులో కెమెరా పెట్టి, వీలైనంత దూరం నుంచి జూమ్ చేసి తీసి అదే భాగాహారం చేయండి. దగ్గర నుంచి ఫోన్‌తో తీస్తే తల పెద్దదిగా, కాళ్లు చిన్నవిగా వస్తాయి. ఆ ఫొటోలతో చేసిన పోలికలు నెట్‌లో చాలా తిరుగుతున్నాయి, నేను వాటిని లెక్కలోకి తీసుకోను.

ఇప్పుడు మీ తమ్ముడి బొమ్మ. అది అడ్వెంచర్ పీపుల్ మీద కట్టిందే అని తేలిందనుకుందాం. అంతమాత్రాన కెన్నర్ నమూనా అయిపోదు. అడ్వెంచర్ పీపుల్ 1970ల మధ్య నుంచి 1980ల మధ్య దాకా అమ్ముడైన బొమ్మలు. ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. ఈరోజు ఎవరైనా ఒకటి కొని, హెల్మెట్ పెట్టి, రంగు కాస్త అరగదీసి సంతలో పెట్టొచ్చు. అసలు ప్రశ్న, లోపలున్న బొమ్మ 1977 మొదట్లో డిజైనర్ చేతికి అంది ఉండే బొమ్మేనా అన్నది. ఆ సిరీస్‌లో తొలి బొమ్మలు సాహస యాత్రల జనం, వాహనాలు నడిపేవాళ్లు, గజ ఈతగాళ్లు వగైరా. అంతరిక్ష యాత్రికుల సెట్లు స్టార్ వార్స్ హోరు మొదలయ్యాక, 1980 ప్రాంతాల్లో జోరందుకున్నాయి. మీ బొమ్మ కీళ్ల సందుల్లో కూడా తెల్ల ప్లాస్టికే కనిపిస్తోందని రాశారు. రంగు వేసింది కాదు, ప్లాస్టికే తెలుపు. అంటే లోపలున్నది తెల్ల సూటు వేసుకున్న బొమ్మ కావొచ్చు. అది ఆ తర్వాతి కాలపు అంతరిక్ష యాత్రికుడే అయితే, కథ అక్కడితో ఆగిపోతుంది. 1980లో బజారుకు వచ్చిన బొమ్మతో 1977లో నమూనా కట్టలేరు కదా. ముందు ఇది తేల్చుకోండి, డబ్బు ఖర్చు లేని పరీక్ష ఇది.

అరికాలి మీద గీకేసిన అక్షరాలు నాకు ఇంకా పెద్ద అనుమానం కలిగిస్తున్నాయి. ఆఫీసు లోపల నలుగురికి చూపించడానికి చేసే నమూనా మీద అవతలి కంపెనీ గుర్తు ఉన్నా పెద్దగా పట్టించుకునేవాళ్లు లేరు. అది అమ్మకానికి వెళ్లేది కాదు. గుర్తు చెరపాల్సిన అవసరం, బొమ్మ తేదీ దాచాలనుకునేవాడికే ఎక్కువ. చీకటి గదిలో టార్చిలైటును అరికాలికి దాదాపు సమాంతరంగా, పక్కనుంచి పెట్టి చూడండి. గీకినా అక్షరాల అడుగుభాగం కొన్నిసార్లు మిగులుతుంది. ఒక్క అంకె చదవగలిగినా చాలు.

"గుర్తు ఏమీ లేదు కాబట్టి ప్రోటోటైప్" అనే మాట కూడా వింటూంటాం. దాని మూలం వేరు. నమూనా ఆమోదం పొందాక శిల్పి మైనంలో బొమ్మ చెక్కుతాడు. దాని నుంచి రబ్బరు అచ్చు తీసి గట్టి రెసిన్‌తో కొన్ని ప్రతులు పోస్తారు. వాటిని హార్డ్‌కాపీలంటారు. కెన్నర్ హార్డ్‌కాపీల్లో చాలావాటికి వాడిన రెసిన్ ఆకుపచ్చగా ఉంటుంది. ఉక్కు అచ్చు తయారయ్యాక మిషన్ మీద పరీక్షగా తీసినవి ఫస్ట్ షాట్‌లు. చేతికి దొరికిన ప్లాస్టిక్ గింజలతో తీస్తారు కాబట్టి వింత రంగుల్లో ఉంటాయి. అచ్చులో అక్షరాలు చెక్కకముందు తీసినవైతే గుర్తు ఉండదు. గుర్తు లేకపోవడం విలువైన విషయమయ్యేది ఇలాంటి వాటికే. కిట్‌బాష్‌కి ఆ తర్కం వర్తించదు, దాని లోపలున్నది దుకాణంలో కొన్న బొమ్మ, దానికి గుర్తు ఉండితీరాలి.

హార్డ్‌కాపీ అని చెప్పి అమ్మేవాటిని పట్టుకోవడానికి కూడా కాలిపరే గతి. వేడి ప్లాస్టిక్ అచ్చులో చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. బొమ్మలకు వాడే ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ అయితే దాదాపు అర శాతం. అందుకే అచ్చును అంతమేర పెద్దగా చేస్తారు, హార్డ్‌కాపీ కూడా దుకాణంలో అమ్మిన బొమ్మ కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. 95 మిల్లీమీటర్ల బొమ్మకి అర మిల్లీమీటరు. అదే ఎవరైనా దుకాణం బొమ్మ నుంచి ఇంట్లో సిలికాన్ అచ్చు తీసి రెసిన్ పోస్తే, ఆ నకలు దుకాణం బొమ్మకన్నా పెద్దదిగా రాదు, అంతే ఉంటుంది లేదా ఇంకాస్త చిన్నదవుతుంది. ఇంకో జాడ అతుకు గీత. ప్రతి అచ్చు బొమ్మకీ రెండు సగాలు కలిసేచోట సన్నని గీత ఉంటుంది. ఇంట్లో తీసిన నకలులో అసలు బొమ్మ గీత అచ్చుపడి ఉంటుంది, దాని పక్కనే కొత్త అచ్చు గీత కూడా ఉంటుంది. కాలి పిక్క వెంట వేలిగోరు పెట్టి లాగితే రెండు గట్లు తగులుతాయి. రెండు గీతలు కనిపిస్తే ఇక మాట్లాడాల్సిందేమీ లేదు.

హీ-మ్యాన్ బొమ్మలు చేసిన మ్యాటెల్ కంపెనీ వైపు వద్దాం, ఎందుకంటే కిట్‌బాష్‌కీ పాత అచ్చు వాడకానికీ రెంటికీ ఇక్కడే మంచి ఉదాహరణలున్నాయి. మ్యాటెల్‌కి 1972 నుంచి బిగ్ జిమ్ అనే బొమ్మ ఉండేది. సుమారు పదంగుళాల ఎత్తు. వీపు మీద మీట నొక్కితే కుడిచెయ్యి కరాటే దెబ్బలా కిందికి పడుతుంది. చెయ్యి మడిస్తే కండ ఉబ్బుతుంది. 1980 చివర్లో రోజర్ స్వీట్ అనే డిజైనర్ ఈ బిగ్ జిమ్‌నే తీసుకుని, పోట్లాటకు సిద్ధమైన భంగిమలో నిలబెట్టి, మట్టితో కండలు పెంచి మూడు నమూనాలు చూపించాడు. ఒకటి ఆటవిక వీరుడు, ఒకటి సైనికుడు, ఒకటి అంతరిక్ష యోధుడు. అక్కడి నుంచే హీ-మ్యాన్ ఉన్న మాస్టర్స్ ఆఫ్ ది యూనివర్స్ బొమ్మల దారి తెరుచుకుంది. హీ-మ్యాన్‌కి రూపం ఇచ్చింది చిత్రకారుడు మార్క్ టేలర్ అని, కాదు స్వీట్ అని అభిమానుల్లో పెద్ద వాదన ఉంది. నా అభిప్రాయం ఒక్కటే. లోపల బిగ్ జిమ్ ఉందని కొలతలు చెప్పగలవు, ఆలోచన ఎవరిదో కొలతలు చెప్పలేవు. ఫొటోలు పెట్టుకుని ఆ వాదన తేల్చడానికి ప్రయత్నించకండి.

దుకాణానికి వచ్చిన హీ-మ్యాన్ మాత్రం పూర్తిగా కొత్త శిల్పం. ఐదున్నర అంగుళాలు, నడుములో స్ప్రింగు. బిగ్ జిమ్‌తో దాని ఒంట్లో ఏదీ కలవదు. కలిసేది మీ పులి. 1982లో హీ-మ్యాన్‌కి వాహనం కావాల్సి వచ్చినప్పుడు మ్యాటెల్ బిగ్ జిమ్ కాలం నాటి పులి అచ్చును బయటికి తీసింది. పదంగుళాల మనిషి పక్కన నిలబడడానికి చేసిన పులి అది. ఐదున్నర అంగుళాల మనిషి పక్కకి వచ్చేసరికి ఎక్కి కూర్చునేంత పెద్దదైంది. ఆకుపచ్చ రంగు, నారింజ చారలు, పైన జీను, మొహానికి ముసుగు. మీ పులికి జీను, ముసుగు తీసేసి చూడండి. కింద మిగిలేది మామూలు అడవి పులే. దాని ఒంటిమీద ఈ కొత్త లోకానికి చెందిన ఒక్క నగిషీ కూడా ఉండదు. హీ-మ్యాన్ బూట్ల మీద, నడుముకట్టు మీద ఉన్న ఆ మోటుదనం, ఆ అతిశయం పులి కాళ్లలోనో మెడలోనో ఎక్కడైనా కనిపిస్తుందేమో వెతకండి, కనిపించదు. వేరే శిల్పి, వేరే కాలం, వేరే కొలమానం. అదే అచ్చు 1983లో ఊదారంగు నూగు అద్దుకుని, హీ-మ్యాన్ శత్రువు స్కెలెటర్ ఎక్కే చిరుత పాంథార్‌గా వచ్చింది. అదే సిరీస్‌లోని జోవర్, స్క్రీచ్ పక్షులు కూడా బిగ్ జిమ్ గద్ద అచ్చులోంచే వచ్చాయి. అచ్చు తయారీకి అయ్యే ఖర్చు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. ఉక్కును చెక్కి, మెరుగుపెట్టి, పరీక్షించి అచ్చు తయారు చేయడానికి నెలలు పడుతుంది, ఉన్న అచ్చుకి కొత్త రంగు గింజలు పోయడానికి ఒక పూట చాలు.

కాబట్టి సిరీస్‌లో ఒక్క ముక్క కొలమానం మిగతావాటితో కలవకపోతే, ముందుగా అదే కంపెనీ పాత కేటలాగులు తిరగేయండి. కెన్నర్ కూడా ఇదే చేసింది. 1991 నాటి రాబిన్ హుడ్ బొమ్మల్లో రాబిన్ హుడ్ ఒళ్లు కెన్నర్ వాళ్లదే కామిక్స్ వీరుల సిరీస్ సూపర్ పవర్స్‌లోని గ్రీన్ ఆరోది. ఫ్రయర్ టక్ ఒళ్లు స్టార్ వార్స్‌లోని పందిమొహం కాపలావాడు గమోరియన్ గార్డ్‌ది. వాళ్లుండే షెర్‌వుడ్ అడవి సెట్టు స్టార్ వార్స్ బొమ్మల ఇవాక్ విలేజే. ఇలాంటివాటికి పుట్టీ, కొలతలు అవసరం లేదు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, దుస్తుల మడతలు, అతుకు గీత దారి, అచ్చులోంచి బొమ్మను తోసే పిన్నుల గుండ్రటి గుర్తులు చూస్తే చాలు. ఆ పిన్ను గుర్తులు ఒకే చోట ఉంటే అచ్చు ఒకటే. శిల్పాన్ని చూసి అనుకరించవచ్చు, పిన్ను గుర్తుల్ని ఎవరూ అనుకరించరు.

మూడో రకం గురించి ఎక్కువ చెప్పను, వాహనాలుగా మారే రోబో బొమ్మలు ట్రాన్స్‌ఫార్మర్స్ గురించి చాలామందికి తెలుసు. 1984లో హాస్‌బ్రో అమ్మిన ఆప్టిమస్ ప్రైమ్ జపాన్‌లో తకారా కంపెనీ డయాక్లోన్ సిరీస్‌లోని బ్యాటిల్ కాన్వాయ్ బొమ్మే. మెగాట్రాన్, సౌండ్‌వేవ్ అదే కంపెనీ మైక్రో చేంజ్ సిరీస్ బొమ్మలు. జెట్‌ఫైర్ అయితే తకటోకు అనే మరో కంపెనీది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే, బొమ్మ మీద అచ్చయిన సంవత్సరం అది తయారైన సంవత్సరం కాదు. అది హక్కుల సంవత్సరం. స్టార్ వార్స్ తొలి బొమ్మల కాళ్ల మీద 1977 అని ఉంటుంది, కానీ అవి జనానికి చేరింది 1978లో, అదే అచ్చు నుంచి ఆ తర్వాత ఏళ్లపాటు వచ్చాయి కూడా. 1977 అని చూడగానే తొలి నమూనా అనుకుని ఎగిరి గంతేయకూడదు.

మన దేశం నుంచి వచ్చే బొమ్మల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే హైదరాబాదు, విజయవాడ ఇళ్లల్లో అటకల మీద ఇప్పటికీ అవి ఉన్నాయి. 1980లలో లియో వాళ్లు ఇక్కడ తయారుచేసిన హీ-మ్యాన్ బొమ్మలు, ఆ తర్వాత ఫన్‌స్కూల్ వాళ్ల జి.ఐ.జోలు అసలు కంపెనీల అనుమతితోనే వచ్చాయి. రంగులు మాత్రం అమెరికా బొమ్మలకు భిన్నంగా ఉండేవి. బయటిదేశాల్లో కొందరు అమ్మకందార్లు వీటినే "రంగు పరీక్షించిన ప్రోటోటైప్" అని అమ్ముతున్నారు. మన దగ్గర పిల్లలు ఆడుకున్న బొమ్మ అది. వాటికి సొంతంగా మంచి విలువే ఉంది, అబద్ధపు పేరు అక్కర్లేదు. మీ దగ్గర ఉంటే వాటిని వాటి పేరుతోనే దాచుకోండి, పెట్టె గానీ కార్డు గానీ ఉంటే పారేయకండి.

మీ తమ్ముడి బొమ్మ విషయంలో చేయకూడనివి గట్టిగా చెబుతాను. అసిటోన్‌తో రంగు తుడిచి లోపల చూడొద్దు. పుట్టీని గోటితో కూడా పెకలించొద్దు. ఎవరైనా నిజంగా 1977లో పెట్టిన పుట్టీ అయితే దాని విలువంతా ఆ పుట్టీలోనే ఉంది, లోపలున్న బొమ్మలో కాదు. అతినీలలోహిత కాంతి టార్చి కింద చూడొచ్చు. కొత్త రకం జిగురు, కొన్ని కొత్త రంగులు మెరుస్తాయి. మెరిస్తే అనుమానించాలి, మెరవకపోతే అసలుదని అనుకోకూడదు. తెలిసిన పశువైద్యుడో దంతవైద్యుడో ఉంటే ఎక్స్‌రే తీయించండి. పుట్టీ కింద పాత బొమ్మ గీత, లోహపు పిన్ను ఏదైనా ఉంటే అది, విడిగా కనిపిస్తాయి. బొమ్మకి చీమంత గీత కూడా పడదు.

వీటన్నిటికన్నా పైన ఉండేది బొమ్మ చేతులు మారిన చరిత్ర. నిజమైన కెన్నర్ నమూనాలు చాలావరకు అక్కడ పనిచేసినవాళ్ల ఇళ్లలోంచి, సిన్సినాటి చుట్టుపక్కల నుంచి బయటికొచ్చాయి. ఫలానా ఉద్యోగి కుటుంబం ఫలానా సంవత్సరం అమ్మింది అని కాగితం గానీ, పాత ఫొటో గానీ ఉంటేనే సేకరణదార్లు పెద్ద మొత్తం పెడతారు. సంతలో పేరు చెప్పని మనిషి నోటిమాట ఆ జాబితాలోకి రాదు. మీ తమ్ముడు ఎక్కువ పెట్టకుండా కొని ఉంటే దాచుకోమనండి. ఇంకా బేరం నడుస్తూంటే మాత్రం ఆగమనండి.

నాకు నాలుగు ఫొటోలు పంపండి. అరికాళ్లు రెండూ, పక్కనుంచి వెలుతురు పెట్టి. వీపు నేరుగా. ఒక చెయ్యి పూర్తిగా పైకెత్తి చంక, భుజం గుంట కనిపించేలా. అరచేతి లోపలి భాగం దగ్గరగా. నాలుగింటిలోనూ పక్కన స్కేలు పెట్టండి, ఫోన్‌ని కనీసం ఒక మీటరు దూరంలో పెట్టి జూమ్ చేసి తీయండి. భుజం నుంచి తుంటికి కొలత మిల్లీమీటర్లలో రాయండి. నా దగ్గరున్న అడ్వెంచర్ పీపుల్ బొమ్మల కొలతలతో పోల్చి, లోపలున్నది వాటిలో ఏదైనా అవునో కాదో చెబుతాను.